సార్డీనియాలో వారం రోజులు, సొంతంగా మోటారు బోటు: ఏడు దీవులూ చుట్టి రావచ్చా?

కొల్లేటి కొంగ (స్టుట్‌గార్ట్) · ఏప్రిల్ 27

అందరికీ నమస్తే. జూన్ రెండో వారంలో ఇటలీ వాళ్ళ సార్డీనియా ద్వీపానికి వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, మా బావమరిది, వాళ్ళావిడ, మా తొమ్మిదేళ్ళ వాడు. ద్వీపం ఈశాన్య మూల పలావు అనే ఊళ్ళో ఇల్లు తీసుకున్నాం, ఎదురుగానే లా మద్దలేనా దీవులు, పెద్దవి ఏడు. (పేరు విన్న దగ్గర్నుంచి మా బావమరిది పెరుగుపచ్చడి ఎక్కడ అని అడుగుతూనే ఉన్నాడు.)

జర్మనీలో 15 హార్స్‌పవర్ దాటితే లైసెన్సు ఉండాలి కదా, పోయినేడాది సముద్రపు లైసెన్సు తీసుకున్నాను. పేరుకే సముద్రం. ప్రాక్టికల్ అంతా నెక్కార్ నదిలో. ఉప్పునీళ్ళలో స్టీరింగ్ పట్టింది లేదు.

ప్లాన్ ఇదీ: మొదటి రోజు స్పార్జి, బుదెల్లి, సాంతా మరీయా, రత్సోలి. రెండో రోజు కప్రేరా చుట్టూ, సాంతో స్తేఫనో. మూడో రోజు బొనిఫాచో జలసంధి దాటి అవతల ఫ్రాన్స్ వాళ్ళ కార్సికాలో లవెత్సి దీవి, బొనిఫాచో ఊరు. నాలుగో రోజు కోస్తా స్మెరాల్దా, పోర్తో చెర్వో. మిగతా రోజులు రెస్టు. మ్యాపులో చూస్తే అన్నీ పక్కపక్కనే ఉన్నాయి. 40 హార్స్‌పవర్ బోటు చాలా, 115 తీసుకోవాలా? పెట్రోలు ఎంత తాగుతుంది? మా ఆవిడకి బస్సులోనే కళ్ళు తిరుగుతాయి, అదొకటి.


భీమిలి కెరటం · ఏప్రిల్ 27

తమ్ముడూ, ప్లాన్ బాగుంది, ఒక్కటే తక్కువ. ఎక్కడా గాలి మాట లేదు.

మా నాన్న భీమిలిలో మరబోటు సరంగు. నేను షిప్పుల్లో ఇంజనీరుని, ఆ జలసంధి మీదుగా చాలాసార్లు పోయాను. మన విశాఖలో పోటుకీ పాటుకీ మీటరు పైనే తేడా ఉంటుంది, అక్కడ జానెడు. అందుకని మధ్యధరా అంటే చెరువులాంటిది అనుకుంటారు. అక్కడ సముద్రాన్ని నడిపేది గాలి. వాయవ్యం నుంచి కొట్టేదాన్ని ఇటలీ వాళ్ళు మాయెస్త్రాలె అంటారు. ఫ్రాన్స్‌లో రోన్ నది లోయ వెంబడి దిగే చల్లగాలి అది. ఆల్ప్స్ అవతల పుట్టి ఇంతదూరం వచ్చాక కార్సికా కొండలకీ సార్డీనియా కొండలకీ మధ్య ఉన్న సందులో దూరాలి. ఆ సందు 11 కిలోమీటర్లు. గొట్టం మూతి వేలితో నొక్కితే నీళ్ళు ఎలా చిమ్ముతాయో, అక్కడ గాలి అలా చిమ్ముతుంది. బయట మామూలు గాలి, సందులో రెట్టింపు.

1855 ఫిబ్రవరి 15న క్రిమియా యుద్ధానికి సైనికుల్ని తీసుకెళ్తున్న ఫ్రెంచి యుద్ధనౌక సెమియాంత్ లవెత్సి రాళ్ళ మీద పడి ముక్కలైంది. సుమారు 700 మంది. ఒక్కడు మిగల్లేదు. నువ్వు మూడో రోజు పిక్నిక్ పెట్టుకున్న దీవిలోనే వాళ్ళ సమాధులున్నాయి. అది ఫిబ్రవరి తుపాను, నీది జూను, పోలిక లేదు, ఒప్పుకుంటా. కానీ రాళ్ళు అవే.

"ఈ రోజు ఈ దీవి" అని రాసుకోకు. "ఈ గాలికి ఈ దీవి" అని రాసుకో. పడమటి గాలైతే కప్రేరా తూర్పు ఒడ్డు. వాయవ్యమైతే స్పార్జి దక్షిణాన కాలా కోర్సారా. తూర్పు గాలైతే దీవులకి పడమటి పక్క. గాలి మరీ ఎక్కువైతే ఊళ్ళో ఐస్‌క్రీం.


కాఫీ డికాక్షన్ · ఏప్రిల్ 27

పలావు నుంచి లా మద్దలేనాకి ఫెర్రీ ఉంది. పావుగంట. కూర్చుంటే వాడే తీసుకెళ్తాడు. మీ తిప్పలు మీరే కొనుక్కుంటారేంటో.


మిలానో మీనాక్షి · ఏప్రిల్ 28

ఫెర్రీ లా మద్దలేనా ఊరి వరకే వెళ్తుంది డికాక్షన్ గారూ. కప్రేరాకి అక్కణ్ణుంచి రోడ్డు కట్ట మీద పోవచ్చు. స్పార్జి, బుదెల్లి లాంటి వాటికి బోటు తప్ప దారి లేదు. టూరు పడవలున్నాయి గానీ వందమందితో దిగి వందమందితో ఎక్కాలి.

కొంగ గారూ, మేం మూడుసార్లు వెళ్ళాం, మా ఆయన నడుపుతారు. ఆ దీవులన్నీ నేషనల్ పార్కు. బోటుతో తిరగడానికి పార్కు వాళ్ళ పర్మిట్ ఉండాలి, డబ్బు కట్టాలి. అద్దె రేటులో పర్మిట్ కలిసి ఉందా లేదా అని ముందే రాతలో అడగండి. లేదంటే మీరు తీసుకోవాలి. నీళ్ళ మీద ఆపి చూస్తారు, మేం చూపించాం.

బుదెల్లిలో గులాబీ రంగు బీచ్ ఉంది, స్పియాజ్జా రోజా. ఆ రంగు ఇసుకది కాదు. సముద్రపు గడ్డి మొదళ్ళలో బతికే చిన్న చిన్న జీవులుంటాయి, వాటి ఎర్రటి గుల్లలు పొడై ఒడ్డుకి కొట్టుకొస్తాయి. జనం సీసాల్లో నింపుకుపోయి పోయి రంగు వెలిసింది. 1990ల నుంచి అక్కడ దిగనివ్వరు, ఈదనివ్వరు. దూరంగా, హద్దుకి గుర్తుగా నీళ్ళ మీద తేలే బోయాల బయట ఆగి చూడటమే. ఫోటోల్లోలా రోజ్‌మిల్క్ రంగులో ఉంటుందని పిల్లాడికి చెప్పకండి, ఏడుస్తాడు. లేత చందనం రంగు.

సార్డీనియాలో ఏ బీచ్ నుంచైనా ఇసుక, గవ్వలు, గులకరాళ్ళు తెస్తే 500 నుంచి 3000 యూరోల దాకా జరిమానా. ఎయిర్‌పోర్టులో బ్యాగులు వెతుకుతారు. మన వాళ్ళకి గవ్వ కనిపిస్తే చెయ్యి ఆగదు కదా, అందుకే చెప్తున్నా.

ఇంకోటి. ఇటలీలో 40 హార్స్‌పవర్ వరకు, తీరానికి 6 మైళ్ళ లోపు లైసెన్సు అక్కర్లేదు. దానివల్ల ఆగస్టులో ఆ నీళ్ళ మీద ఎవరు ఏం చేస్తారో వాళ్ళకే తెలీదు. జూన్ రెండో వారం అంటే మంచి పనే చేశారు.


ఫుల్ థ్రాటిల్ · ఏప్రిల్ 28

భీమిలి అన్న భయపెట్టేస్తున్నాడు. నేను పోయిన సెప్టెంబర్‌లో 40 హార్స్‌పవర్ రబ్బరు బోటుతో జలసంధికి ఇటువైపున్న సాంతా తెరెసా అనే ఊరి నుంచి బొనిఫాచో వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి వెనక్కొచ్చాను. నీళ్ళు అద్దం. తెల్ల సున్నపురాయి కొండ, అంచున గాల్లోకి పొడుచుకొచ్చిన ఇళ్ళు, కింద నిలబడి తలెత్తితే టోపీ పడిపోద్ది. అది చూడకుండా వచ్చేస్తే ఏం లాభం?


భీమిలి కెరటం · ఏప్రిల్ 28

అద్దంలా ఉన్న రోజు వెళ్ళావు, బాగుంది. వెళ్ళొద్దన్లేదు నేను. మూడో రోజే వెళ్తానని ముందే రాసుకోవద్దన్నాను. పైగా వీళ్ళు సాంతా తెరెసా నుంచి కాదు, పలావు నుంచి. అక్కణ్ణుంచి బొనిఫాచోకి దగ్గర దగ్గర 16 నాటికల్ మైళ్ళు, అంటే 30 కిలోమీటర్లు, ఒక్క వైపు. పొద్దున అద్దం, మధ్యాహ్నం రెండింటికి తెల్ల నురగలు. వెళ్ళేటప్పుడు అద్దం ఉంటే సరిపోదు, వచ్చేటప్పుడూ ఉండాలి.

అద్దె కాగితాల్లో "జలసంధి దాటరాదు" అని ఉందేమో కూడా చూడు. ఉండి దాటితే ఇన్సూరెన్సు లేనట్టే. ఫ్రాన్స్ నీళ్ళలో లైసెన్సు రూలు వేరు, అక్కడ 6 హార్స్‌పవర్ దాటితే చాలు, అడుగుతారు. నీకు లైసెన్సు ఉంది కాబట్టి ఫరవాలేదు, నీ రెసిడెన్సు కార్డు, పాస్‌పోర్టు మాత్రం తడవని సంచిలో పెట్టుకో.

ఆ సందులో పెద్ద షిప్పులూ పోతుంటాయి. 2011లో అంతర్జాతీయ సముద్ర సంస్థ దాన్ని ప్రత్యేకంగా కాపాడాల్సిన ప్రాంతంగా ప్రకటించింది. ఇంజను రూములో ఉండేవాడిగా ఒక మాట: షిప్పు మీద నుంచి చూస్తే నీ రబ్బరు బోటు నురగ ముక్కలా ఉంటుంది. నువ్వే తప్పుకోవాలి.


లెక్కల మాస్టారు · ఏప్రిల్ 29

పెట్రోలు ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. నా లెక్క ఉజ్జాయింపే, బోటు బరువుని బట్టి మారుతుంది.

40 హార్స్‌పవర్ ఇంజను పూర్తి దమ్ము మీద గంటకి 14, 15 లీటర్లు. నెమ్మదిగా, బోటు నీటి పైకి లేచి జారే వేగం తగ్గకుండా పోతే 8, 9. అయిదుగురు, ఐస్‌బాక్సు, గొడుగు, మీ బావమరిది పెరుగుపచ్చడి అన్నీ ఎక్కాక 40 హార్స్‌పవర్ బోటు ముక్కు పైకెత్తి నీళ్ళు దున్నుతుంది గానీ లేవదు. అప్పుడు నెమ్మదిగా పోతున్నామనుకుంటూనే పెట్రోలు ఎక్కువ తగలేస్తారు. మీ జనానికి 115 మంచిది. దాంతో 20 నాట్ల (గంటకి 20 సముద్రపు మైళ్ళ) వేగంలో మైలుకి సుమారు లీటరు వేసుకోండి. పలావు నుంచి బుదెల్లి ఆరేడు మైళ్ళు. దీవుల్లో తిరిగి వస్తే పాతిక మైళ్ళు, అంటే పాతిక లీటర్లు.

ట్యాంకులో మూడో వంతు వెళ్ళడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకూడదు. అలలు ఎదురైతే ఆ మూడో వంతే దేవుడు.


కొల్లేటి కొంగ · ఏప్రిల్ 29

అందరికీ థాంక్స్. 115 బుక్ చేశాను, పర్మిట్ అద్దెలోనే ఉందని మెయిల్లో రాయించుకున్నా. లంగరు సంగతి చెప్పండి ఎవరైనా. నదిలో ఒక్కసారి వేయించారు, అదీ బోటు నేర్పినాయనే వేశాడు.


భీమిలి కెరటం · ఏప్రిల్ 29

లంగరు అంటే బరువుకి బోటు ఆగుతుందనుకుంటారు. బరువు కాదు, పట్టు. కొక్కెం ఇసుకలో అడ్డంగా దిగాలి. తాడు నిట్టనిలువుగా ఉంటే కొక్కెం పైకి లేస్తుంది, అందుకని పొడుగు వదలాలి. అంతా గొలుసే అయితే లోతుకి నాలుగింతలు. కొంచెం గొలుసు, మిగతా తాడు అయితే ఆరేడింతలు. నాలుగు మీటర్ల లోతులో పాతిక మీటర్లు వదలడానికి మొదట్లో మనసొప్పదు. వదులు.

నీళ్ళలోకి చూడు. లేత ఆకుపచ్చ, నీలం అంటే ఇసుక. ముదురు మచ్చలు కనిపిస్తే రాయైనా, పొసిడోనియా గడ్డైనా. ఆ గడ్డి మీద లంగరు వేయకూడదు. అది నాచు కాదు, వేళ్ళూ పూలూ ఉన్న మొక్క, మధ్యధరాలో తప్ప ఇంకెక్కడా లేదు, ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పాకుతుంది. నీ లంగరు ఒక్క లాగుడుతో పీకేది పెరగడానికి నీ కొడుకు పెళ్ళీడుకొస్తాడు. దాని మీద పట్టు కూడా సరిగా దొరకదు, వరిగడ్డి మీద కాలు జారినట్టు జారుద్ది.

గాలికి ఎదురుగా వెళ్ళి ఆగు. లంగరు విసరకు, దించు. బోటుని గాలి వెనక్కి తీసుకుపోతుంటే తాడు వదులుతూ ఉండు. చివర్లో నెమ్మదిగా రివర్సు కొట్టి చూడు. ఒడ్డున రెండు గుర్తులు పెట్టుకో, ఒక రాయీ దాని వెనక ఒక చెట్టూ. పది నిమిషాల తర్వాత కూడా అవి ఒకే వరసలో ఉంటే పట్టినట్టు. మా నాన్నకి కొండ మీద గుడీ, కింద లైటుహౌసూ. వాటిని చూసే చీకట్లో వల ఎక్కడ దించాడో చెప్పేవాడు.

ఎర్ర తాడు మర్చిపోకు. ఇంజను స్విచ్చుకి ఒక కొస, నీ కాలికి ఒక కొస. నువ్వు నీళ్ళలో పడితే ఇంజను ఆగిపోవాలి. అద్దెకిచ్చే వాళ్ళు చెప్పి వదిలేస్తారు, కట్టుకున్నావా అని చూడరు. రేడియోలో 16వ ఛానెల్ అత్యవసరానికి. 68లో వాతావరణం చెప్తూనే ఉంటారు. ఫోన్లో అయితే 1530, కోస్టుగార్డు.


గోంగూర కట్ట · ఏప్రిల్ 30

వదినగారి కళ్ళు తిరగడానికి: బోటు ముందు కొసలో కూర్చోనివ్వకండి, ఎగిరేది అక్కడే. వెనక, మధ్యలో, చూపు దూరంగా గట్టు మీద. ఫోను చూడొద్దు. మాత్ర వేసుకునేట్టయితే బయల్దేరక ముందే, డాక్టర్ని అడిగి. ఖాళీ కడుపు తప్పు, పూరీలు ఇంకా తప్పు. నాకు పనిచేసింది ఉప్పు బిస్కెట్లు, అల్లం మురబ్బా. లంగరేసి ఊగుతున్నప్పుడే ఎక్కువ తిరుగుతుంది, ఆ టైములో నీళ్ళలోకి దిగిపోవడం మేలు.


కొల్లేటి కొంగ · జూన్ 19

వచ్చేశాం. మాటిచ్చాను కాబట్టి రాస్తున్నా, కాస్త పొడుగే.

దిగిన రోజు సాయంత్రం నుంచే మాయెస్త్రాలె. రేవులో తెరచాప పడవల తాళ్ళు స్తంభాలకి కొట్టుకుని రాత్రంతా టంగు టంగుమని మోత. మూడేసి రోజుల లెక్కన కొడుతుందని అక్కడి వాళ్ళంటారట, మాకు సరిగ్గా మూడు రోజులే కొట్టింది. బోటతను తాళాలు ఇవ్వనన్నాడు, డబ్బు తర్వాతి రోజులకి జరిపాడు. మా బావమరిది మొదటి రోజు గాలిని తిట్టాడు, రెండో రోజు నన్ను తిట్టాడు, మూడో రోజు డికాక్షన్ గారి ఫెర్రీ ఎక్కాం.

కట్ట మీదుగా కప్రేరా వెళ్ళి గరిబాల్ది ఇల్లు చూశాం. ఇటలీని ఒకటి చేసిన మనిషి చివరి రోజులు గడిపింది ఆ రాళ్ళ దీవిలో. చనిపోయిన గదిలో క్యాలెండరు 1882 జూన్ 2 దగ్గరే ఆపేశారు. పెరట్లో కూతురు పుట్టినప్పుడు, 1867లో, నాటిన పైన్ చెట్టు ఇంకా ఉంది, ఒక పక్కకి పడుకున్నట్టు పాకి. బయటికొచ్చి చూస్తే ఆ దీవిలో చెట్లన్నీ ఒకే వైపుకి వంగి ఉన్నాయి. భీమిలి అన్న చెప్పింది నాకు అప్పుడు అర్థమైంది. మూడు రోజుల గాలికి వంగినవి కావవి.

నాలుగో రోజు పొద్దున్నే నీళ్ళు కదల్లేదు. ఏడున్నరకి బయల్దేరాం. కాలా కోర్సారా ముందు ఈతగాళ్ళ బోయాల బయట లంగరు. మొదటిసారి దించాను, రివర్సు కొట్టాను, నా రాయి ఇటు పోయింది, చెట్టు అటు పోయింది. జారుతోంది. ఈత కళ్ళద్దాలు పెట్టుకుని దూకి చూస్తే ఇసుక మచ్చ అంచున గడ్డి మీద వేశాను వెధవని. లాగితే కొక్కేనికి రిబ్బను ముక్కల్లాంటి ఆకులు నాలుగు వచ్చాయి. రెండోసారి మధ్యలో ఇసుక మీద. మళ్ళీ దూకాను. గొలుసు నేల మీద వంకర్లు తిరిగి పడుకుని ఉంది, నేను చూస్తుండగానే గాలి ఒక్క విసురు వచ్చి గొలుసు మెల్లగా నేల వెంబడి తిన్నగా సాగి, కొక్కెం కొస ఇసుకలోకి దిగిపోయింది, చిన్న దుమ్ము లేచి సర్దుకుంది. పక్కనే తెల్ల ఇసుక మీద మా బోటు నీడ, ఆ నీడలోంచి మా వాడి కాళ్ళ నీడలు ఊగుతూ. నాలుగు మీటర్ల లోతని మీటరు చెప్తుంటే నమ్మబుద్ధి కాలేదు.

బుదెల్లి దాకా వెళ్ళి, గులాబీ బీచ్ బోయాల బయట నుంచి చూశాం. మీనాక్షి గారూ, చందనం రంగు కరెక్టు. మా ఆవిడ మాత్రం "నీళ్ళ అంచున ఉంది చూడు, సన్నగా, చీర అంచులా" అంది. తర్వాత నాకూ కనిపించింది.

అక్కడ పులిహోర తిన్నాం. తప్పు అక్కడే జరిగింది. పన్నెండున్నరకి తిరగాల్సింది, రెండయింది. స్పార్జి తూర్పు పక్కన చాటుగా వచ్చినంతసేపు ఏమీ తెలీలేదు. దీవి కొస దాటగానే పడమటి నుంచి అల. రెండు మైళ్ళు కూడా లేదు అవతలి గట్టుకి. నేరుగా పలావు వైపు పెడితే అల పక్కన తగిలి బోటు పడుకుంటోంది, మా చెల్లెమ్మ కళ్ళు మూసుకుని ఆంజనేయ దండకం ఎత్తుకుంది. వేగం తగ్గించి, అందర్నీ వెనక్కి కూర్చోబెట్టి, ఊరిని వదిలేసి పుంటా సార్దెన్యా అనే భూమి కొస వైపు అలకి ఏటవాలుగా పెట్టాను. ప్రతి అలకీ ముఖం మీద బకెట్ నీళ్ళు. ఆ కొస చాటుకి వచ్చాక నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు. మొత్తం పావుగంట ఉంటుందేమో. కళ్ళు తిరుగుతాయనుకున్న మా ఆవిడ ఆ పావుగంటా ఉప్పు బిస్కెట్లు తింటూ కూర్చుంది. వాంతి చేసుకుంది బావమరిది.

రేవులో వెనక్కి నడిపి కట్టడం రెండుసార్లు తప్పి మూడోసారి కుదిరింది. అద్దె అతను ఫ్యాను రెక్క మీద గీత చూపించి డిపాజిట్‌లో 150 యూరోలు పట్టుకున్నాడు. అది పాత గీతే అని నా నమ్మకం, పొద్దున వీడియో తీసి ఉంటే కదా. మీరు తీయండి, ఫ్యానుకి కూడా.

తర్వాతి రెండు రోజులూ దగ్గర్లోనే తిరిగి ఒంటిగంటకల్లా వచ్చేశాం. బొనిఫాచో వెళ్ళలేదు.


ఫుల్ థ్రాటిల్ · జూన్ 19

బొనిఫాచో వదిలేశారా! అయ్యయ్యో. పోనీలెండి, సాంతా తెరెసా నుంచి ఫెర్రీ ఉంది, ఈసారి అందులో వెళ్ళండి. భీమిలి అన్నకి చెప్పొద్దు నేనన్నానని.


లెక్కల మాస్టారు · జూన్ 19

పెట్రోలు ఎంత పట్టింది? నా లెక్క తేలాలి.


కొల్లేటి కొంగ · జూన్ 20

బోటెక్కిన మొదటి రోజు 22 మైళ్ళు, 27 లీటర్లు. ఆ అయిదూ వచ్చేటప్పుడు పావుగంటలోనే పోయి ఉంటాయి మాస్టారూ.


భీమిలి కెరటం · జూన్ 20

ఊరిని వదిలేసి కొస వైపు పెట్టావు చూడు, అది ఎవరు చెప్పారు నీకు?


కొల్లేటి కొంగ · జూన్ 20

ఎవరూ చెప్పలేదన్నా. నేరుగా పెడితే చెల్లెమ్మ గొంతు పెరుగుతోంది, ఇటు తిప్పితే తగ్గుతోంది. దాన్ని బట్టి పోయాను.


మిలానో మీనాక్షి · జూన్ 20

హహ్హ. మరి ఇసుక? నిజం చెప్పండి.


కొల్లేటి కొంగ · జూన్ 20

జరిమానా సంగతి మా వాడికి చెప్పి తప్పు చేశాను. చివరి రోజు రాత్రి వాడి చెప్పులు, నిక్కరు జేబులు, నా టవలు అన్నీ బాత్‌టబ్‌లో దులిపి, దొరికిన ఇసుకంతా టీ గ్లాసులోకి ఎత్తాడు. అర గ్లాసు వచ్చింది. పొద్దున ఎయిర్‌పోర్టుకి ఆలస్యమవుతోందంటే వినకుండా ఊరి బీచ్‌కి తీసుకెళ్ళమని కూర్చున్నాడు. వెళ్ళాం. నీళ్ళ అంచున కూర్చుని గ్లాసు బోర్లించి, అరచేత్తో చదును చేసి, గ్లాసు కూడా కడిగి తెచ్చాడు.